సంకల్పం లేని దానం

దాత వస్తువుపై తన స్వత్వాన్ని, అంటే యాజమాన్యపు హక్కును, విడిచిపెట్టి ఆ స్వత్వాన్ని ప్రతిగ్రహీతకు కలిగించడమే దానమని ధర్మశాస్త్రకారులు నిర్వచించారు. దానికి ముందు సంకల్పం ఉండాలి. దాత దేశకాలాలను, తన గోత్రనామాలను చెప్పుకొని, ఇవ్వబోయేదేమిటో పలికి, చేతిలోని నీటిని ధారగా విడుస్తాడు. మాటలు పురోహితుడు అందించవచ్చు గాని, నీళ్లు దాత చేతి నుంచే జారాలి. క్యాన్సర్ పరిశోధనలో అల్పసంఖ్యాక జాతుల పాత్రను దానంగా, త్యాగంగా కొనియాడేవారు ఈ చిన్న క్రియ దగ్గర కాసేపు ఆగవలసి ఉంటుంది.

1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స చేస్తూ, ఆమెను అడగకుండానే కణితి ముక్కను పరిశోధనకు తీసుకున్నారు. ఆమె అదే ఏడాది 31 ఏళ్లకే కన్నుమూసింది. ఆ కణాలు మాత్రం హీలా అనే పేరుతో ప్రయోగశాలల్లో నేటికీ పెరుగుతున్నాయి. ఆమె ఆత్మ వాటిలోనే ఉందని కుటుంబంలో కొందరు నమ్మారు. ఆ నమ్మకాన్ని అమాయకత్వమని తోసిపుచ్చడం తగదు; శరీరం నుంచి వేరైన భాగం ఏ క్షణాన ఆమెది కాకుండా పోయిందో తేల్చగల ప్రయోగమేదీ లేదు.

ఈ క్యాన్సర్‌ను కలిగించే హెచ్‌పీవీ అనే వైరస్‌లో 18వ రకం ఆ కణాల్లోనూ కనిపించింది. ఆ వైరస్‌ను అడ్డుకునే టీకాలు 2009లో, ఒక అధ్యయనంలో భాగంగా, అప్పటి ఖమ్మం జిల్లాకు చేరాయి. 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు వాటిని వేశారు; వారిలో గిరిజన హాస్టళ్ల పిల్లలు ఎందరో ఉన్నారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతోను, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలతోను ఉన్నాయి. టీకా మేలైనదే, ఆ కాలంలో జరిగిన కొందరు బాలికల మరణాలకు అదే కారణమని విచారణలో తేలలేదు. అయినా వార్డెన్ సంతకం కోయ తల్లి విడిచిన ధార కాజాలదు.

అలాగని ఈ జాతులను పరిశోధనకు దూరంగా ఉంచితే, ఎవరిలో పరీక్షించలేదో వారికే మందు మోతాదును ఊహ మీద నిర్ణయించవలసి వస్తుంది, అదీ అన్యాయమే. కావలసింది అడగడం, వారి భాషలో చెప్పి, ఊరి పెద్దలతో మాట్లాడుకునే వ్యవధి ఇచ్చి, వద్దంటే వదిలిపెట్టడం. హీలా జన్యుక్రమ సమాచారాన్ని కోరేవారి దరఖాస్తులను పరిశీలించే బృందంలో లాక్స్ కుటుంబీకులకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2013లో చోటిచ్చింది. అప్పటికి ఆ కణితి ముక్క తీసి 62 ఏళ్లు.