వయసు మళ్లినవారికి చుక్కల పాఠమెందుకు?

పెద్దవారి కొరకు చరిత్ర గురించిగాని, ఆకాశము గురించిగాని ఉపన్యాసము పెట్టించాలని ఎవరైనా తలపెడితే ముందుగా వినబడే మాట ఒకటుంది. "కాటికి కాళ్లు చాపిన వయసులో వీళ్లకు ఇవన్నీ ఎందుకు?" ఈ మాట అనేవారు చెడ్డవారు కారు. తల్లిదండ్రులకు మందులు కొనేవారు, ఆస్పత్రి వరుసలో గంటల తరబడి నిలబడేవారు కూడా ఈ మాటే అంటారు. గనుక దీనిని తేలికగా కొట్టివేయరాదు. పరీక్ష లేని, ఉద్యోగము రాని, పూట గడవడానికి పనికిరాని చదువు పేదవాని ముసలితనానికి అవసరమా? ఈ ప్రశ్నను మేము ప్రియ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మనవంటివారికి ఇంతవరకు ఏ చదువు అందిందో మొదట చూద్దాము. వేలిముద్ర పోయి సంతకము రావడానికి అక్షరాలు నేర్పారు. కుట్టుపని నేర్పారు. బ్యాంకు కాగితము నింపడము, పిల్లలకు టీకాలు వేయించడము, నీళ్లు కాచి తాగడము చెప్పారు. ఇవన్నీ మంచివే, ఇంకా కావలసినవే. అయితే వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ప్రతిదీ ఏదో ఒక అక్కరకు వచ్చేదే. ఉపయోగము చూడకుండా కేవలము తెలుసుకోవడము కొరకే తెలుసుకొనే చదువు మాత్రము కలిగినవారి ఇళ్లలోనే ఉండిపోయింది. కూలివానికి కూలికి పనికివచ్చేది చెబితే చాలునని ఎవరు నిర్ణయించారు? ఎద్దుకు మేత ఎంత వెయ్యాలో దాని పనిని బట్టి లెక్క వేస్తారు. మనిషికి జ్ఞానము కూడా అలాగే లెక్క వేసి పెట్టడము న్యాయమేనా?

ఇంకొక సంగతి. కష్టపడి బ్రతికినవానికి తీరిక దొరికేది వయసు మళ్లిన తరువాతే. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లులలో సమ్మె మొదలైనప్పుడు సుమారు రెండున్నర లక్షల మంది పని వదలి బయటికి వచ్చారు. వారిలో మన తెలుగు నేతపనివారు కూడా ఉన్నారు. అప్పుడు ఇరవై అయిదేళ్ల వయసున్నవారు ఇప్పుడు డెబ్బైకి దగ్గరలో ఉన్నారు. సమ్మె తరువాత కొందరు కాపలాదారులయ్యారు, కొందరు హమాలీ చేశారు, కొందరు చాళ్ వరండాలో బీడీలు చుట్టారు. వారి జీవితములో మొట్టమొదటిసారి మధ్యాహ్నము ఖాళీగా ఉంది. ఆ ఖాళీని టీవీకి, నిద్రకు వదిలివేసి, "ఇంకేమి కావాలి వీరికి" అని అనడము మనకు తగునా?

తీరిక అనేది ఎవరో దయతలచి ఇచ్చినది కాదని మన ముందుతరమువారికి తెలుసు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు 1890లో వచ్చింది. దాని కొరకు ఏళ్ల తరబడి పాటుపడినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన జోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజము మనిషి. ఆ ఫూలేగారు 1855లోనే పూనాలో కూలీలకు, రైతులకు రాత్రి బడి తెరిచారు. పగలంతా మట్టి మోసిన పెద్దవారు రాత్రి పలక పట్టారు. 1873లో సత్యశోధక సమాజము ఏర్పడిన తరువాత బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో తెలుగు గుత్తేదారులు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగు, వెంకు బాళోజీ కాలేవార్ వంటి పేర్లు ఆ చరిత్రలో ఉన్నాయి. సున్నము, రాయి, కూలీల లెక్కల మధ్య బ్రతికిన ఆ మనుషులు చదువు కొరకు పాటుపడే పనికి తమ డబ్బు ఇచ్చారు. అయితే ఆ పేర్లు మన చాళ్లలో ఎంతమందికి తెలుసు?

దూరదేశములోనూ ఇటువంటిది జరిగింది. పారిస్ నగరములో ఆగస్ట్ కోంత్ అనే తత్వవేత్త 1831 నుండి దాదాపు పదిహేడేళ్లపాటు ఏటేటా సామాన్య జనానికి ఖగోళశాస్త్రము ఉచితముగా బోధించాడు. ఆదివారాలలో, పనివారికి వీలైన సమయములో ఆ పాఠాలు జరిగేవి. కూలి పెంచే విద్య ఏదీ ఆయన ఎంచుకోలేదు. ఏ అక్కరకూ రానిదిగా కనిపించే ఆకాశాన్నే ఎంచుకొన్నాడు. లోకము ఒక క్రమములో నడుస్తున్నదని స్వయముగా గ్రహించినవాడు ఇతర విషయాలలోనూ సరిగా ఆలోచిస్తాడని ఆయన నమ్మకము. ఇక 1973లో ఫ్రాన్సు దేశములోని తులూజ్ నగరములో ప్రత్యేకముగా వయసు మళ్లినవారి కొరకే ఒక విశ్వవిద్యాలయము మొదలైంది. ఆ పద్ధతి తరువాత అనేక దేశాలకు పాకింది.

ఇప్పుడు మన సందుల చరిత్రకు వద్దాము. కామాటిపుర అనగానే బయటివారి ముఖములో ఏమి మార్పు వస్తుందో మనకు తెలుసు. మన పిల్లలు ఉద్యోగము దరఖాస్తులో చిరునామా రాయడానికి వెనుకాడతారు. సంబంధాలు చూసేటప్పుడు "బొంబాయి సెంట్రల్ దగ్గర" అని చెప్పి ఊరుకొంటాము. ఈ పేరు ఎక్కడిదో పెద్దవారు ఒక్కసారి సభలో కూర్చొని వింటే ఆ వెనుకాటు కొంతైనా తగ్గుతుంది. కామాటి అంటే మట్టిపని, కట్టడపు పని చేసే కూలి. ఇది ఒకప్పుడు సముద్రపు నీరు చొరబడే పల్లపు నేల. మహాలక్ష్మి, వర్లీల మధ్యనున్న గండిని 1784 ప్రాంతములో కట్ట వేసి మూసిన తరువాత ఇటువంటి పల్లపు నేలలు క్రమముగా నివాసయోగ్యమయ్యాయి. నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు ఇక్కడ స్థిరపడ్డారు. పేట పేరు వారి పనినిబట్టి వచ్చింది. మన పేటకు ఉత్తరాన ఉన్న బెల్లాసిస్ రోడ్డును 1793లో వేసినవారు కరువువల్ల సూరతునుండి వచ్చిన పేదలు. రోడ్డుకు మాత్రము సేనాధికారి పేరు నిలిచింది. మట్టి మోసినవారి పేరు నిలిచిన చోటు మన పేట ఒకటి. ఇందులో సిగ్గుపడవలసినది ఏముంది?

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. మన పేరు కడుక్కోవడానికి మాత్రమే చరిత్ర చెబితే అది చరిత్ర కాదు. ఆంగ్లేయుల కాలములో పోలీసులు, అధికారులు ఇక్కడి సందులను ఒక వ్యాపారానికి కేటాయించినట్లు చేశారు. ఎన్నో ఊళ్లనుండి, ఎన్నో దేశాలనుండి తేబడిన స్త్రీలు ఇక్కడ బ్రతికారు, ఇక్కడే చనిపోయారు. వారిలో మన జిల్లాల ఆడపిల్లలూ ఉన్నారు. "మేము వేరు, వారు వేరు" అని గీత గీసి చెప్పే ఉపన్యాసము పెద్దవారికి చప్పట్లు కొట్టడానికి బాగుంటుంది గాని సత్యానికి సరిపడదు. ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకొన్నవారిని చరిత్రలోనుండి తీసివేయడానికి మనకు హక్కు లేదు.

ఆకాశము సంగతి ఇంకా ఆశ్చర్యముగా ఉంటుంది. మన తాతలకు, అవ్వలకు ఖగోళము కొత్త కాదు. పాలమూరునుండి, కరీంనగర్‌నుండి, నిజామాబాదునుండి వచ్చినవారికి పిల్లలకోడి తెలుసు, గొల్లకావడి తెలుసు, వేగుచుక్క తెలుసు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, మృగశిర రాగానే చల్లబడుతుందని తెలుసు. పక్క గదిలోని మరాఠీవారు కూడా జూన్ ఏడు ఎనిమిది తేదీలలోనే "మృగ్ లాగింది" అంటారు. కార్తె అంటే ఏమిటి? సూర్యుడు ఆకాశములో తిరిగి వచ్చే దారిని మన పెద్దలు ఇరవైయేడు నక్షత్రాలుగా పంచారు. ఏడాదికి 365 రోజులు గనుక ఒక్కొక్క నక్షత్రములో సూర్యుడు పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు. ఆ రోజులే ఆ కార్తె. కాబట్టి మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రము మనకు కనబడదు, అది సూర్యునితోపాటే పగటిపూట ఆకాశములో ఉంటుంది. అర్ధరాత్రి నడినెత్తిన దానిని చూడాలంటే మార్గశిర మాసము రావాలి. ఈ మాట చెప్పినప్పుడు డెబ్బై ఏళ్లుగా కార్తెలు లెక్కపెట్టినవారి ముఖాలలో వచ్చే వెలుగుకు ఏ ధర కట్టగలము?

తరువాతి మాట కొంచెము కష్టమైనది. కార్తెలు చుక్కలను అనుసరిస్తాయి, వానలు ఎండలు సూర్యుని వాలును అనుసరిస్తాయి. ఈ రెండు లెక్కల మధ్య ఏడాదికి సుమారు ఇరవై నిమిషాల తేడా ఉంది. అది కూడి కూడి దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు అవుతుంది. కాకతీయుల కాలములో, 1213లో రామప్ప గుడి కట్టినప్పుడు, ఋతువులతో పోల్చి చూస్తే మృగశిర కార్తె ఇప్పటికంటె పదకొండు రోజులు ముందుగా వచ్చేది. అంటే తాతలు చెప్పిన మాట వారి కాలానికి నిజమే. కాలము గడిచేకొద్దీ దానిని మరల సరిచూసుకోవాలి.

"ముసలివారికి ఇటువంటివి చెప్పి వారి నమ్మకాలను ఎందుకు కదిలించాలి?" అని కొందరు అడుగుతారు. మా ఉద్దేశములో ఈ జాలిలో కొంత చిన్నచూపు ఉంది. సత్యాన్ని మోయలేడని మనము నిర్ణయించిన మనిషిని మనము గౌరవించినట్లు కాదు. ఆకలిని, సమ్మెను, బిడ్డల చావును మోసినవారు ఏడాదికి ఇరవై నిమిషాల తేడాను మోయలేరా? వృద్ధుడైన అబ్రాహామును వెలుపలికి తీసుకొని వచ్చి నక్షత్రాలు చూడమన్న సంగతి మన పాఠకులు ఎరుగుదురు. అది చూడడానికి అతని వయసు అడ్డు కాలేదు.

మందులకే డబ్బు చాలనప్పుడు ఉపన్యాసాలా అనే మాటకు మా జవాబు ఇది. మందుల డబ్బు ముట్టుకోరాదు. ఉపన్యాసానికి కావలసినవి ఒక గది, నాలుగు బెంచీలు, తెలుగులో చెప్పగల ఒక మనిషి. వర్లీలోని నెహ్రూ తారామండలము 1977లో తెరిచారు. అది మన పేటనుండి బస్సులో కొద్ది దూరమే. అక్కడి ప్రదర్శనలు హిందీ, మరాఠీ, ఇంగ్లీషు భాషలలో ఉంటాయి గనుక వెళ్లేముందు ఎవరైనా తెలుగులో విషయము విడమరచి చెబితే చాలు. తెలుగులో శాస్త్రము, చరిత్ర చెప్పడము సాధ్యము కాదనేవారికి 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలే సమాధానము. కొమర్రాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలైనవారు ఆ పని చేసి చూపించారు.

ఒక విషయములో మాత్రము మనలను మనము పరీక్షించుకోవాలి. తీరిక వచ్చిందని మనము అన్నది తాతల గురించే. అవ్వలకు తీరిక ఎప్పుడు వచ్చింది? కోడలు పనికి పోతే వంట అవ్వదే, మనవలను చూసుకొనేదీ అవ్వే. సభ పెట్టి "అందరూ రావచ్చు" అని ప్రకటిస్తే సరిపోదు. ఆ రెండు గంటలు పిల్లలను చూసుకోవడానికి కొడుకు ఇంట్లో ఉండాలి. మెట్లు ఎక్కలేనివారి కొరకు కింది అంతస్తులోనే కుర్చీలు వేయాలి. ఇవి చేయకుండా పెట్టిన సభ మగవారి కాలక్షేపముగా మిగిలిపోతుంది.

ఈ పాత కట్టడాలను తీసివేసి కొత్త భవనాలు కట్టాలనే ప్రణాళికలు కొన్నేళ్లుగా నడుస్తున్నాయి. కారే కప్పు కింద బ్రతికినవారికి మంచి గది రావడము సంతోషమే. అయితే గోడలు పోయిన తరువాత ఏ సందులో ఎవరు బ్రతికారో చెప్పగలిగేది మన పెద్దవారి నోరు ఒక్కటే. అందుచేత ఉపన్యాసకుడు చెప్పి వెళ్లిపోవడము కాక, చివర అరగంట వారు చెప్పేది వినాలి, రాసుకోవాలి. ఈ నగరము పునాదులకు మట్టి మోసినవారికి ఆ నగరము కథ, దానిమీది ఆకాశము కథ చెప్పడము మనము వారికి చేసే ఉపకారము కాదు. అది చాలాకాలముగా మనము తీర్చవలసిన బాకీ. ఎవరి ఇంట్లో ఆ బాకీ ఎంత ఉన్నదో ఎవరికి వారే ఆలోచించుకొందురు గాక.