మందారం కోసే హక్కు

హైదరాబాద్ మలక్‌పేటలో ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాక కూడా ప్రహరీ పక్కనో, బాల్కనీ కుండీలోనో ఎర్ర మందారం కనిపిస్తుంది. దేవుడి కోసమైనా సరే, దాన్ని కోయడం న్యాయమేనా? కాదనే వాదనకు తెలుగులో గట్టి గొంతు కోయొద్దని పువ్వులే మొరపెట్టుకునే కరుణశ్రీ ఖండిక ‘పుష్పవిలాపం’. ఘంటసాల పాడాక అది ఊరూరా వినిపించింది. ఆ జాలిని తేలిగ్గా తీసేయలేం. మందారం దగ్గర మాత్రం అది అంతగా నిలవదు. తోటల్లో పెంచే ఈ మొక్క విత్తనం కట్టడం అరుదు, కొమ్మ నాటితేనే వంశం సాగుతుంది. పొద్దున విచ్చిన పువ్వు చాలా రకాల్లో సాయంత్రానికే ముడుచుకుపోతుంది. మొగ్గలు కొత్త చిగుళ్లకే వస్తాయి కాబట్టి కత్తిరింపు కూడా మేలే చేస్తుంది.

ఎలాగూ వాడిపోయేదే కదా, పక్కింటి గోడ మీంచి కోసుకుంటే తప్పేమిటి అనవచ్చు. పొద్దున్నే సంచీతో నడకకు బయల్దేరే భక్తులకు ఈ తర్కం బాగా నచ్చుతుంది! గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు ఆకు, పువ్వు, పండు, నీళ్లు చాలన్నాడు. అన్నీ ఖరీదులేనివే, అడిగింది భక్తి. ఖరీదులేని వస్తువులో ఇచ్చేవాడిదంటూ ఉండేది ఏమిటి? పిండినల్లిని కడిగిన ఓపిక, మే ఎండల్లో మరవకుండా పోసిన నీళ్లు. పక్కింటి పువ్వులో ఆ సొత్తు పక్కింటివాళ్లది. అడిగి కోసుకుంటే వాళ్లూ పూజలో భాగస్థులవుతారు. గుడిమల్కాపూర్ మార్కెట్లో కొన్న పూల మాటేమిటంటే, అక్కడ రైతు శ్రమకు డబ్బు చెల్లింది కనుక తప్పు లేదు. కుండీకి చోటున్నవాళ్ల విషయంలో మాత్రం నాకది కాస్త తక్కువ పూజగానే తోస్తుంది.