పొగమంచులో లారీ: ఏమీ కాలేదు కదా!

డిసెంబరు, జనవరి నెలల్లో లారీ డ్రైవర్ల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "రాత్రంతా మంచే ఫాదర్‌గారూ! ముందు రోడ్డే కనబడలేదు. అయినా అరవైకి తగ్గకుండా లాగించేశాను. దేవుని దయవల్ల ఏమీ కాలేదు." ఈ మాటల్లో కృతజ్ఞత ఉంది, కాస్త గర్వమూ ఉంది. ఏమీ కాలేదు కనుక తప్పేమీ జరగనట్టేనా?

ఒక ఊహ చేద్దాం. భీమవరం ప్రాంతం నుంచి ఐసులో పెట్టిన చేపల లోడుతో రెండు లారీలు హౌరాకు బయలుదేరాయి. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారి. తెల్లవారుజామున 16వ నంబరు జాతీయ రహదారి మీద రెండూ ఒకే మంచులో, ఒకే వేగంతో పోతున్నాయి. మొదటి లారీకి దారి ఖాళీగా దొరికింది. రెండవదానికి పంక్చరుపడి, వెనుక దీపం లేకుండా ఆగిపోయిన ట్రాక్టరు అడ్డం వచ్చింది. దాని చక్రం విప్పుతున్న మనిషి చనిపోయాడు. ఇప్పుడు ఒక డ్రైవరు ధాబాలో టీ తాగుతున్నాడు, ఇంకొకడు పోలీసు స్టేషనులో కూర్చున్నాడు. ఇద్దరూ చేసిన పని ఒక్కటే. ట్రాక్టరును అక్కడ నిలిపింది ఈ ఇద్దరిలో ఎవరూ కాదు.

ఈ చిక్కు మీదే 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే తత్వవేత్తలు వ్యాసాలు రాశారు. దీనికి 'నైతిక అదృష్టం' అని పేరు. విచిత్రమేమంటే వారు ఎత్తుకున్న ఉదాహరణల్లోనూ లారీ డ్రైవరు ఉన్నాడు! చట్టం మాత్రం ఫలితాన్ని బట్టి కొలుస్తుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం ప్రాణాలకు ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా బండి నడిపితే ఆరు నెలల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐదేళ్ళ వరకు జైలు. కోర్టు ముందుకు వచ్చేది జరిగిన సంగతే కనుక, అది అలా కొలవక తప్పదేమో. మనస్సాక్షి పని వేరు. మద్యం మత్తులోగాని, వేగం మీది మోజుతోగాని తన ప్రాణాన్నో ఇతరుల ప్రాణాన్నో ప్రమాదంలో పెట్టినవాడు ఘోరమైన దోషం కట్టుకుంటాడని కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం చెబుతోంది. గమనించండి, ప్రమాదంలో పెడితేనే దోషం. ఎవరైనా చనిపోయేదాకా అది ఆగలేదు.

"రోడ్డు మీద ట్రాక్టరు ఉన్నదని వాడికేం తెలుసు?" అని మీరు అడగవచ్చు. తెలియదు, నిజమే. కాని తనకు ఏమీ కనబడటం లేదన్న సంగతి తెలుసు. సెమినరీలో మాకు అజ్ఞానాన్ని రెండుగా విడదీసి బోధించేవారు. తొలగించుకోవడం చేతకానిది ఒకటి, చేతనైనా తొలగించుకోనిది మరొకటి. మొదటిదానికి దోషం లేదు. మంచులో డ్రైవరుది ఏది? ఒక చిన్న లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం కనబడి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి సెకనున్నర పడుతుంది. అప్పటికే 25 మీటర్లు పోయాయి. లోడు లారీ ఆగడానికి మరో 35. మొత్తం 60 మీటర్లు. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. చూపు 50 మీటర్లకన్నా తక్కువ ఆనితే దానిని వాతావరణ శాఖ అతి దట్టమైన పొగమంచు అంటుంది. అంటే ఆ డ్రైవరు తాను ఆపలేనంత దూరంలోకి, చూడలేని చోటికి, తెలిసి తెలిసి పోతున్నాడు. వేగం 30కి తగ్గిస్తే పాతిక మీటర్ల లోపే ఆగవచ్చు. (పెద్ద లైటు వేస్తే బాగా కనబడుతుందనుకోవడం కూడా భ్రమే. ఆ వెలుతురు మంచు బిందువులను తాకి తెల్లటి గోడలా కళ్ళలోకే తిరిగి వస్తుంది. డిమ్ లైటే మేలు.)

ముప్పు లేని ప్రయాణం లేదన్నది నేనూ ఒప్పుకుంటాను. అన్ని అపాయాలూ తొలగాకే కదలాలంటే ఏ లారీ షెడ్డు దాటదు, మన ఇళ్ళకు బియ్యం రావు. వివేకమనే సుగుణం పిరికితనం కాదు. ఎంత కనబడితే అంత మేరకే పోవడం వివేకం.

అలాగని దోషమంతా స్టీరింగు పట్టినవాడి నెత్తిన రుద్దడం నాకు ఇష్టం లేదు. ఐసు కరుగుతోంది. మార్కెట్టు టైముకు అందకపోతే ధర పడిపోతుంది. ఓనరు ఫోను మీద ఫోను చేస్తాడు. ఆలస్యమైతే బత్తాలో కోత పెట్టే ఓనర్లూ ఉన్నారు. అటువంటి ఓనరు ఆదివారం పూజలో ముందు వరుసలో కూర్చున్నా, ఆ రాత్రి వేగంలో అతనికీ వాటా ఉంది. రోడ్లమీద మంచు గడ్డకట్టే అమెరికాలో ఈ విషయమై ఒక ఫెడరల్ నిబంధనే ఉంది. మంచు, పొగమంచు, వాన, పొగ వంటివి చూపునుగాని, టైరు పట్టునుగాని దెబ్బతీస్తే లారీ వేగం తగ్గించాలి. పరిస్థితి మరీ ప్రమాదకరమైతే బండి ఆపివేయాలి. మళ్ళీ సురక్షితంగా నడపగలిగేవరకు కదపరాదు. ఆగడం అక్కడ సోమరితనం కాదు, డ్యూటీలో భాగం.

ఇక దేవుని దయ మాట. చాలా లారీల్లో పునీత క్రిస్తోఫరు పతకమో, మరియమాత స్వరూపమో ఉంటుంది, సంతోషం. అయితే దేవాలయ శిఖరం మీదినుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని ప్రభువుతో పలికినది శోధకుడు. ప్రభువు దూకలేదు. కనబడని రోడ్డు మీద అరవైలో పోతూ పతకాన్ని తాకి దణ్ణం పెట్టుకోవడం ప్రార్థనా, ఆ దూకుడా అన్నది డ్రైవరు సోదరులు తమను తాము అడిగి చూసుకోవాలి.

రెండవ డ్రైవరు చనిపోయినవాని భార్యాబిడ్డలకు జీవితాంతం ఋణపడి ఉంటాడు. మొదటివాడికి ఆ ఋణం లేదు. అతని దోషం మాత్రం టీ గ్లాసు పక్కన అలాగే ఉంది, దాన్ని అతను చూడటం లేదు. పాపసంకీర్తనంలో జరిగిన ప్రమాదాల గురించి చెప్పుకొని ఏడ్చినవారు ఉన్నారు. జరగని ప్రమాదాన్ని గురించి చెప్పుకోవచ్చునని చాలామందికి తోచదు.

రాత్రి ఫోను చేసి "ఎక్కడిదాకా వచ్చావు?" అనే ఓనర్లే ఎక్కువ. "మంచు ఎలా ఉందిరా?" అని అడిగే ఓనరు ఒకాయనను ఎరుగుదును. చలికాలంలో ఆయన డ్రైవర్లు మంచు దట్టమైతే రోడ్డు దిగి, ధాబా ఆవరణలో లారీ పెట్టుకుని పడుకుంటారు. ఎండ పొడిచాక బయలుదేరతారు. ఆ రెండు నెలలూ ఆయన చేపల మీద ఐసు కొంచెం ఎక్కువ వేయించి పంపుతాడు.