పాటయు పాడువారును

అల్లవరములో సంధ్యవేళ కొబ్బరితోటల మీదుగా వచ్చు పాటను విని, పాడువారెవరో యెఱుగకమున్నే తల యూచినవారు మనలో ననేకులుందురు. రాగము మనది, తాళము మనది. పల్లవియు చరణములును మన మెఱిగిన దారినే నడచును. ఆ పాట పేటలోని ప్రార్థనామందిరమునుండి వచ్చుచున్నదని తెలిసినతోడనే కొందఱు తల యూచుట మానుదురు. ఆ క్షణములో పాట మాఱలేదు. మాఱినది పాడువారిని గూర్చిన మన తలంపు.

అట్టి పాటలలో పెక్కింటిని కట్టినవారు పురుషోత్తమ చౌదరిగారు. వారు 1803వ సంవత్సరమున పర్లాకిమిడి చెంతనున్న మదనపురమున, వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. 1833లో కటకమున బాప్టిస్టు సంఘమువారియొద్ద బాప్తిస్మము పొందిరి. పిదప సుమారు ఏబది సంవత్సరములు ఛత్రపురము మొదలు మద్రాసు వఱకు తూర్పుతీరమున కాలినడకను తిరిగి బోధించుచు, నూటముప్పది వఱకు కీర్తనలు రచించి, 1890లో పరమపదించిరి. నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున రాగతాళముల పేర్లు పాటల తలపై ముద్రింపబడియుండును. సీమనుండి వచ్చిన బాణీలకు తెలుగుమాటలు తొడిగిన గీతములు ఆ పుస్తకమున లేకపోలేదు గాని, ముసలివారు పుస్తకము తెఱువకయే పాడునవి చౌదరిగారివే.

బాప్టిస్టులు పసిబిడ్డకు బాప్తిస్మమీయరు. బుద్ధి యెఱిగినవాడు తానే కోరి నీటిలో మునుగవలెను. మతము తండ్రి యిచ్చు పొలము వంటిది కాదనియు, ఎవనికి వాడే యెన్నుకొనవలసినదనియు దాని యభిప్రాయము. చౌదరిగారు మునిగిన ఆ 1833లోనే రామమోహనరాయలవారు బ్రిస్టలులో దేహము చాలించిరి. ఆ మహాశయుడు ఏసు నీతిబోధలను సంగ్రహించి 1820లో ప్రకటించి, శ్రీరామపురపు బాప్టిస్టులతోనే వాదించినవాడు. వారితో వాదించుచునే విగ్రహారాధనను ఖండించినవాడు. ఒకరు సంఘమున జేరిరి, ఒకరు చేరలేదు. పుట్టుకయే నమ్మకమును నిర్ణయింపరాదనుటలో మాత్రము ఇరువురు నొకటియే.

ఇచట నొక యాక్షేపణ కలదు. అది తేలికైనది కాదు. మనుష్యుడు ఒంటరిగా నమ్మడు. ఒకడు సత్యమును గనుగొంటినని యిల్లు విడిచినచో, దాని వెలను తల్లియు, భార్యయు, తోబుట్టువులును గూడ చెల్లింతురు; వారి నెవ్వరు నడుగలేదు. ఈ మాటను మేము త్రోసివేయజాలము. కాని యీ యాక్షేపణ చేయువారిని తిరిగి యొకటి యడుగవలసియున్నది: అట్టివానిని ఇంటనుండనిచ్చియుందురా? పంక్తిని గూర్చుండనిచ్చియుందురా? నూతి చేదను ముట్టనిచ్చియుందురా? తలుపు మూసినవారే వాడు వెడలిపోయెనని దుఃఖించుట మన దేశమున క్రొత్త గాదు. ఇంటివారి దుఃఖములో సగము నమ్మకము మాఱుటవలన గలిగినది కాదు, వెలివలన గలిగినది.

చౌదరిగారు విడిచినది కులమును, భాషను విడువలేదు. కులాచార పరీక్ష యను పేర నొక గ్రంథమే వ్రాసిరి. గ్రంథములను చదువువారు కొందఱే. పాట యంతకన్న దూరము పోయినది. బ్రాహ్మణగృహమున పుట్టినవాడు కూర్చిన పదములు, ఆ గృహముల వీధిలో నడువనీయబడని వారి నోట నిలిచినవి. గుడి వెలుపల నిలిచి విన్నవారి పిల్లలు అదే రాగమును తమ మందిరములో గొంతెత్తి పాడిరి. ఇట్టి పని ఉపన్యాసములు చేయగా మేము చూడలేదు.

సంస్కర్తలమని చెప్పుకొనువారికి ఇచట గర్వింప దగినది స్వల్పము. వేదికపై గూర్చుండు ఉపాచార్యుడు జందెము ధరింపవచ్చునా యను తగవు బ్రహ్మసమాజమునే కలచివైచినది. 1866 నాటి చీలికకు గల కారణములలో నదియొకటి. క్రైస్తవ సంఘములు మాత్రము కులమును గుమ్మము వెలుపల విడిచిపెట్టినవని చెప్పుటకు వీలులేదు. పెండ్లిమాటలు వచ్చినప్పుడు అచటను పాతపేర్లే వినబడును. ఇక మన కోనసీమలో 2022 మే 24న, జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చుటను ప్రతిఘటించుచు అమలాపురమున ఇండ్లు తగులబెట్టిరి. ఒక పేరునకే యింత మంట యెగసినచో, పెఱవాని పాటకు తల యూచుట చిన్నపని యని మే మనుకొనము.

ఆ పేటలో నేడు పాడువారిలో పెక్కురు చౌదరిగారివలె ఎన్నుకొని వచ్చినవారు కారు. తాతలనాడే వచ్చిన యింట పుట్టినవారు. కావున చౌదరిగారు తన తండ్రియింట నెదుర్కొనిన ప్రశ్న యిప్పుడు చౌదరిగారి పాటలు పాడుచు పెరిగిన పిల్లల ముంగిటను నిలిచియున్నది. వారిలో నొకడు ఱేపు మఱియొక దారిని ఎన్నుకొనినచో, వానికి ఇంట పీట వేయుదురో లేదో.