చెవిన పడే భయం, చెవిన పడే రాజకీయం

అమెరికా నాయకులు పోటీ పడేది ఎన్నికల్లోనే అనుకుంటాం. 2008లో వారు గ్రామీ అవార్డుల్లోనూ పోటీ పడ్డారు. 'స్పోకెన్ వర్డ్' విభాగంలో మాజీ అధ్యక్షులు బిల్ క్లింటన్, జిమ్మీ కార్టర్ ఇద్దరికీ నామినేషన్లు దక్కాయి. బహుమతి మాత్రం అప్పటికి ఇంకా సెనేటర్‌గానే ఉన్న బరాక్ ఒబామా చేతికి వెళ్లింది. 'ది ఆడాసిటీ ఆఫ్ హోప్'ను ఆయన తన గొంతుతోనే చదివారు. అంతకు రెండేళ్ల ముందు 'డ్రీమ్స్ ఫ్రమ్ మై ఫాదర్' ఆడియోకూ ఆయనకు ఇదే బహుమతి వచ్చింది. క్లింటన్ 2005లో 'మై లైఫ్'తో గెలిచారు. కార్టర్ పలుమార్లు గెలిచారు. 2024 డిసెంబరులో నూరేళ్ల వయసులో కన్నుమూశాక, 2025లో మరో గ్రామీ ఆయన పేరున వచ్చింది.

పుస్తకాన్ని చదివి వినిపించినందుకు ఇచ్చే బహుమతి ఇది. రాతలో వాదన ఎంత బలంగా ఉందన్నది ఒక లెక్క, గొంతులో అది ఎంత నమ్మకంగా పలికిందన్నది మరో లెక్క. ఆఫీసుకు వెళ్తూ, వంట చేస్తూ, నడకకు వెళ్తూ పుస్తకాలు వినే అలవాటు పెరిగిన ఈ రోజుల్లో రెండో లెక్క మొదటిదాన్ని మింగేస్తోందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే రాజకీయ పుస్తకాల పక్కన హారర్ నవలలను పెట్టి చూడటం మంచిది. పైకి పొంతన లేని ఈ రెండు రకాలూ శ్రోతను కోరేది ఒకటే: గొంతుకు లొంగిపొమ్మని. ఒకచోట ఆ లొంగుబాటే ఆనందం. మరోచోట అదే ప్రమాదం.

దెయ్యం కథకు గొంతుతో బంధుత్వం పాతదే. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో ఎం.ఆర్. జేమ్స్ అనే పండితుడు క్రిస్మస్ వేళ తాను రాసిన దెయ్యం కథలను మిత్రులకు చదివి వినిపించేవారు. గదిలో ఒక్క కొవ్వొత్తి తప్ప మిగతావన్నీ ఆర్పేసి మొదలుపెట్టేవారని ఆయన మిత్రులు చెప్పుకున్నారు. ఆ కథల తొలి సంపుటి 1904లో అచ్చయింది. అందులో ఒక కథలో, సముద్రతీరపు హోటల్‌కు వచ్చిన ప్రొఫెసర్ గదిలో రెండు మంచాలుంటాయి. ఒకదానిమీద ఆయన పడుకుంటాడు. రెండోది ఖాళీ. ఒక రాత్రి ఆ ఖాళీ మంచం మీద ఏదో లేచి కూర్చుంటుంది. జేమ్స్ దాన్ని పూర్తిగా చూపించరు. నలిగిన దుప్పటి లాంటి ముఖం ఉందని మాత్రం చెబుతారు.

ఈ ఘట్టాన్ని పుస్తకంలో చదివేవారికి భయం వేస్తే చూపు దానంతటదే పేరా చివరికి దూకుతుంది. ఇంకా ఎన్ని పేజీలున్నాయో వేళ్లకు తెలుస్తూనే ఉంటుంది. వినేవారికి ఆ ఆసరా లేదు. 'ఖాళీ మంచం' అన్నాక కథకుడు ఒక్క ఊపిరి సేపు ఆగితే వాళ్లూ ఆగాల్సిందే. ఆ ఊపిరిలో బుర్రలోకి వచ్చే ఊహలకు రచయిత బాధ్యుడు కాడు. అవి శ్రోత సొంతం, అందుకే అంత పదునుగా ఉంటాయి. స్టీఫెన్ కింగ్ 'ఇట్' నవలను నటుడు స్టీవెన్ వెబర్ దాదాపు 45 గంటలపాటు చదివారు. ఏడుగురు పిల్లలకూ, వారిని వేటాడే విదూషక వేషపు రాక్షసికీ ఒకే మనిషి గొంతు. కాసేపటికి శ్రోత ఆ ఒక్క గొంతును మరిచిపోయి పిల్లలను విడివిడిగా గుర్తుపడతారు. అచ్చు పుస్తకం ఇవ్వలేని అనుభవం ఇది.

అయితే హారర్ ఆడియోను చెడగొట్టేది కూడా శబ్దమే. కింగ్ రాసిన 'ది మిస్ట్'ను 1984లో త్రీడీ సౌండ్ పేరుతో శబ్ద నాటకంగా తీశారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పొగమంచులో జీవులు తల చుట్టూ తిరుగుతున్నట్టే ఉంటుంది. పనితనం మెచ్చుకోదగ్గదే. కానీ ఆ జీవి అరుపు ఎలా ఉంటుందో స్టూడియో తేల్చేశాక ఊహకు పని తగ్గిపోతుంది. తలుపు కిర్రుమనడం, గాలి హోరు, ప్రతి వాక్యం కిందా వయొలిన్ సాగదీత ఉంటే, ఎప్పుడు భయపడాలో సంగీతమే ముందుగా చెప్పేస్తుంది. చెప్పి భయపెట్టడం కుదరదు. నిజమే, కోల్‌కతా మిర్చి ఎఫ్ఎంలో 'సండే సస్పెన్స్' కార్యక్రమం సత్యజిత్ రాయ్ మొదలైన వారి కథలను శబ్దాలతో, సంగీతంతో కలిపే వినిపించి లక్షల మందిని ఆకట్టుకుంది. అక్కడ బలం మంచి కథది, మంచి గొంతులది. ఆ రెండూ బలహీనంగా ఉన్నచోట శబ్దాలు ఆ లోటు పూడ్చలేవు.

చెవికి అసలు లొంగని భయమూ ఒకటుంది. మార్క్ డానియెలెవ్‌స్కీ 2000లో రాసిన 'హౌస్ ఆఫ్ లీవ్స్' నవలలో ఒక ఇల్లు బయటి కొలతకన్నా లోపల పెద్దదిగా ఉంటుంది. అక్షరాలు పేజీమీద తలకిందులవుతాయి, మూలల్లోకి జరుగుతాయి, కొన్ని పుటల్లో నాలుగైదు మాటలే మిగులుతాయి. ఫుట్‌నోట్లలోంచి ఫుట్‌నోట్లు పుట్టి పాఠకుడిని దారి తప్పిస్తాయి. ఆ భయం పేజీలోనే కాపురం ఉంటుంది, గొంతులోకి రాదు. మన దగ్గర యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో భయానికి మరో తోడుండేది. వారం గడిస్తేగానీ తర్వాతి భాగం రాదు. ఆ నిరీక్షణలోనే భయం పెరిగేది. ఒక భాగం అయిపోగానే యాప్ దానంతటదే తర్వాతిది మొదలుపెడితే ఆ లాభం పోతుంది.

ఫుట్‌నోట్ల మాట వచ్చింది కాబట్టి ఇక రాజకీయ పుస్తకాల దగ్గరకు రావచ్చు. ఈ దారిలో అనుకోని మార్గదర్శి ఒక హారర్ నవలే. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాకులా'లో డాక్టర్ సీవార్డ్ తన డైరీని కాగితం మీద రాయడు, ఫోనోగ్రాఫ్ సిలిండర్లలో మాట్లాడి భద్రపరుస్తాడు. ఒకరోజు మీనా హార్కర్ ఆ డైరీ వివరాలు అడుగుతుంది. అప్పుడు అతనికి తెలిసొస్తుంది: నెలల తరబడి రికార్డు చేశాడుగానీ, కావలసిన చోటును ఎలా వెతకాలో ఎన్నడూ ఆలోచించలేదు. మీనా సిలిండర్లన్నీ వింటుంది. ఆ గొంతులో అతని వేదన మరీ నగ్నంగా వినిపించిందనీ, ఇంకెవరూ దాన్ని అలా వినకూడదనీ తానే కూర్చుని టైపు చేస్తుంది. తర్వాత డ్రాకులా ఆ సిలిండర్లను మంటల్లో వేసినప్పుడు మిగిలింది ఆ టైపు ప్రతే. 2012లో ఆడిబుల్ తెచ్చిన 'డ్రాకులా'లో సీవార్డ్ డైరీని అలన్ కమ్మింగ్ చదివారు. ఆడియోబుక్ బలమూ బలహీనతా రెండూ పక్కపక్కనే ఆ కథలో వినొచ్చు. గొంతు మనసును దాచలేదు. కానీ గొంతులో వెతకడం కష్టం.

మొదటి మాటకు సాక్ష్యం పాత్రికేయుడు బాబ్ వుడ్‌వర్డ్ 2022 అక్టోబరులో విడుదల చేసిన 'ది ట్రంప్ టేప్స్'. డొనాల్డ్ ట్రంప్‌తో తాను చేసిన 20 ఇంటర్వ్యూల రికార్డింగులను ఆయన తన వ్యాఖ్యానంతో కలిపి ఆడియోబుక్‌గా తెచ్చారు. అందులో చాలా విషయాలు ఆయన 2020 నాటి 'రేజ్' పుస్తకంలో అచ్చయినవే. కరోనా తీవ్రతను తాను తక్కువ చేసి చూపుతున్నానని, జనం బెంబేలెత్తకూడదనే అలా చేస్తున్నానని 2020 మార్చిలో ట్రంప్ ఆయనతో అన్నారు. అచ్చులో అది ఒక వాక్యం. టేపులో అది ఒక మనిషి. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చింది, ఎక్కడ మాట మార్చారు, ఎదుటి ప్రశ్నను ఎలా తొక్కేశారు అన్నవన్నీ శ్రోత స్వయంగా తూకం వేసుకోవచ్చు. ఆ రికార్డింగులపై తనకు హక్కుందంటూ ట్రంప్ 2023 జనవరిలో సుమారు 5 కోట్ల డాలర్లకు దావా వేశారు. 2025 జులైలో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టివేసింది. రాజకీయ ఆడియోబుక్‌కు ఇంతకన్నా మంచి ప్రయోజనం ఉండదు. ఇక్కడ గొంతు అలంకారంగా రాలేదు, ఆధారంగా వచ్చింది.

నాయకుడు తన ఆత్మకథను తానే చదివేటప్పుడు పరిస్థితి వేరు. ఒబామా 2020లో తెచ్చిన 'ఎ ప్రామిస్డ్ ల్యాండ్' ఆడియో 29 గంటలు దాటుతుంది. గొంతు ఆప్యాయంగా, నిదానంగా సాగుతుంది. తన తప్పుల గురించి చెప్పేటప్పుడూ అదే నిదానం. అన్ని గంటలు చెవి దగ్గర కూర్చుని మాట్లాడిన మనిషిని అనుమానించడం కష్టం. వాదనలో ఖాళీ ఉంటే పేజీమీద కన్ను తట్టుకుని ఆగుతుంది. మంచి గొంతు ఆ ఖాళీని దాటించేస్తుంది. ఇది ఒబామా ఒక్కరి మాట కాదు, మాట తీరు తెలిసిన ప్రతి నాయకుడి విషయంలోనూ ఇదే జరుగుతుంది.

వెతకలేకపోవడం రెండో చిక్కు. న్యూయార్క్ నగర రూపురేఖల్ని ఎన్నికల్లో ఒక్క పదవీ గెలవకుండానే మార్చేసిన రాబర్ట్ మోజెస్ జీవితాన్ని రాబర్ట్ కారో 1974లో 'ది పవర్ బ్రోకర్'గా రాశారు. దాని ఆడియో 66 గంటలు. అంత లావు పుస్తకాన్ని చేతిలోకి తీసుకునే ధైర్యం లేనివారు కూడా రోజుకో గంట చొప్పున దాన్ని పూర్తి చేయగలగడం ఈ రూపం చేసిన మేలు. కానీ నలభయ్యో గంటలో వచ్చిన పేరు మూడో గంటలో ఏ సందర్భంలో విన్నదో గుర్తు రాకపోతే పుస్తకం వెనక్కి తిప్పినట్టు ఇండెక్స్ చూడలేరు. ఏ మాటకు ఏ పత్రం ఆధారమో చెప్పే నోట్సు చెవికి అందవు. 'మై లైఫ్' అచ్చులో దాదాపు వెయ్యి పేజీలు. క్లింటన్ చదివినది అందులో కోసి తీసిన కొంత భాగమే. ఏది ఉంచారో శ్రోత వింటారు. ఏది తీసేశారో వారికి తెలిసే దారి లేదు.

వింటే చదివినంత అర్థమవుతుందా అన్న ప్రశ్నకు పరిశోధనలు రెండు జవాబులిచ్చాయి. 2016లో బెత్ రొగోవ్‌స్కీ బృందం 'అన్‌బ్రోకెన్' అనే యుద్ధకాలపు జీవితకథతో పరీక్షిస్తే, విన్నవారికీ చదివినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2010లో డేనియల్, వుడీ అనే అధ్యాపకులు విద్యార్థులకు ఒక పాఠ్యవ్యాసం ఇస్తే, పాడ్‌కాస్ట్‌గా విన్నవారు చదివినవారికన్నా బాగా వెనకబడ్డారు. కథలా సాగే రచన చెవికి సులువుగా ఎక్కుతుందనీ, మెట్టుమెట్టుగా కట్టిన వాదనకు ఆగి వెనక్కి చూసే వీలు కావాలనీ ఈ రెండింటినీ కలిపి చదువుకోవచ్చు. హారర్ మొదటి కోవలోకి వస్తుంది. రాజకీయ గ్రంథం సగం మొదటిది, సగం రెండోది. అందులో శ్రోతకు గుర్తుండిపోయేది కథలా సాగే సగమే.

భయపెట్టే కథా, నమ్మించే వార్తా ఒకే రాత్రి కలిసిపోయిన సందర్భమూ ఉంది. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ రేడియోలో 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'ను వార్తా బులెటిన్ల రూపంలో ప్రసారం చేశారు. అంగారక గ్రహవాసుల దాడిని వార్తలు చదివే గొంతు చెప్పేసరికి కొందరు నిజమని నమ్మి హడలిపోయారు. దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందన్న కథ మాత్రం ఆనాటి పత్రికలు పెంచి రాసిందేనని తర్వాతి పరిశోధకులు తేల్చారు. కొందరు రేడియోలో విన్నది నమ్మారు, తర్వాతి తరాలు పత్రికలు రాసింది నమ్మాయి. వార్త చెప్పే గొంతుకు ఉన్న పరపతిని భయం ఎరువు తెచ్చుకోగలదు. అలాగే భయపెట్టే గొంతుకు ఉన్న పట్టును రాజకీయం కూడా ఎరువు తెచ్చుకోగలదు. దీన్ని ఎన్నికల కాలంలో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

తెలుగువారికి రాజకీయాన్ని చెవితో వినడం కొత్త కాదు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా వంతలుంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. షేక్ నాజర్ లాంటి కథకులు ఊరూరా వేలమందిని కూర్చోబెట్టి సాయుధ పోరాటాల కథలు చెప్పినప్పుడు కూడా ఆ ఇద్దరూ పక్కనే ఉండి అడ్డుతగిలేవారు, సందేహం అడిగేవారు, పాత కథను నేటి సంగతితో ముడిపెట్టేవారు. కథకుడి ఉద్రేకం ఎంత పెరిగినా మధ్యలో ప్రశ్నకు చోటుండేది. నేటి రాజకీయ ఆడియోబుక్‌లో లేనిది ఆ వంతే. వుడ్‌వర్డ్ టేపుల్లో అది ఉంది, ఎందుకంటే అక్కడ ప్రశ్నించే రెండో గొంతు వినిపిస్తుంది. ఆత్మకథల్లో ఆ చోటు ఖాళీ.

ఇంత చెప్పినా ఆడియో పుస్తకాన్ని రెండో తరగతిగా చూడటం అన్యాయం. 1930లలో అమెరికాలో, బ్రిటన్‌లో 'టాకింగ్ బుక్స్' మొదలైంది చూపు లేనివారి కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికులూ వారిలో ఉన్నారు. 1935లో బ్రిటన్‌లో వచ్చిన తొలి రికార్డుల్లో అగాథా క్రిస్టీ నవల ఉంది. చూపు లేని పాఠకులకు ఆడియో ఒక్కటే పుస్తకం అయినప్పుడు, అందులో నోట్సు లేకపోవడం చిన్న అసౌకర్యం కాదు, వారికి రావలసింది ఇవ్వకపోవడం.

ఇప్పుడు దాసుభాషితం, స్టోరీటెల్ వంటి వేదికల పుణ్యమా అని తెలుగులోనూ పుస్తకాలు వినిపిస్తున్నాయి. హారర్ తీసేవారు నేపథ్య సంగీతం తగ్గించి, మంచి గొంతును నమ్ముకుంటే చాలు. రాజకీయ గ్రంథాలు చేసేవారి మీద బాధ్యత ఎక్కువ. పుచ్చలపల్లి సుందరయ్య 'వీర తెలంగాణ విప్లవ పోరాటం' లాంటి పుస్తకంలో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు బారులు తీరి ఉంటాయి. విసుగని వాటిని కోసేయకూడదు. కన్ను దాటేసే ఆ పేర్లు గొంతులో ఒక్కొక్కటిగా పలికితే వాటి బరువు తెలుస్తుంది. సంక్షిప్తం చేస్తే ఏ అధ్యాయాలు తీసేశారో మొదట్లోనే చెప్పాలి. ఉటంకింపులకు రెండో గొంతు వాడాలి. నోట్సు విడి అధ్యాయంగా చదివించాలి. ఇక వినేవారికి ఒక విన్నపం: రాజకీయ పుస్తకంలో మిమ్మల్ని బాగా కదిలించిన అధ్యాయం ఏదైతే ఉందో, దాన్ని ఒక్కసారి అచ్చు ప్రతి తెచ్చుకుని, వీలుకాకపోతే పాఠం వెతికించుకుని, నోట్సుతో సహా సరిచూసుకోండి.