ప్రజారోగ్య విద్యార్థి - కాయకము

వైద్యుడెవరని అడిగినచో పసిబిడ్డయును చెప్పగలదు. ప్రజారోగ్య విద్యార్థి ఎవరని అడిగినచో ఆ విద్యార్థియే ఒక్క క్షణము తడబడును. అతని చేత మందు లేదు, మెడలో స్టెతస్కోపు లేదు. ఆ చదువునకు వైద్యులు, దంతవైద్యులు, నర్సులు వత్తురు. సామాజిక శాస్త్రములు చదివినవారును వత్తురు. మామూలు దినములలో ఈ తడబాటు పెద్ద విషయము కాదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అది మనస్సును కలచు ప్రశ్న అయినది.

ఆ మార్చి నడుమ తెలంగాణలో విద్యాసంస్థలు మూతపడెను. తార్నాక ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో తరగతులు నిలిచిపోయెను. 22వ తేదీ సాయంకాలము జనులు వాకిళ్లలో నిలిచి వైద్య సిబ్బందికై చప్పట్లు చరచిరి. అంటువ్యాధులను గూర్చి చదువుచున్న విద్యార్థి ఆ చప్పట్లను అందుకొనవలసినవాడా, చరచవలసినవాడా? రోగము వ్యాపించు తీరు నేర్చువాడే రోగము రాగానే పెట్టె సర్దుకొని ఇంటికి పోవలసివచ్చుట విచిత్రము.

ఆ ప్రాంగణము చెంతనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు చిన్న విభాగముగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. (ఉస్మానియా పుట్టినదియు 1918లోనే, ఇన్‌ఫ్లుయెంజా లోకమును కుదిపివేసిన సంవత్సరమును అదియే.) అన్నమును గూర్చి పరిశోధించు ఈ సంస్థవారు 2020 మే నెలలో జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలలో తిరిగి, జిల్లాకు 400 మంది చొప్పున రక్తనమూనాలు సేకరించిరి. వ్యాధి సోకిన జాడ నూటికి 0.33 మందిలో కనిపించినది. ఆగస్టులో అది 12.2 శాతము, డిసెంబరులో 24.1 శాతము. ఈ అంకెలకై ఎవరును చప్పట్లు చరచలేదు. అయినను ఆసుపత్రికి రాని రోగమెంతయో ఇట్టి లెక్కవలననే తెలియును. పోషకాహార శాస్త్రజ్ఞులు ఆ వేళ తమ పని అన్నముతోనే గదా అని ఊరకుండలేదు. అదే యేడు తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థవారు, సీసీఎంబీవారు నగరపు మురుగునీటిని పరీక్షించి వ్యాధి వ్యాప్తిని అంచనా వేసిరి. మురుగనగానే ముక్కు మూసికొనువానికి ఈ విద్య అబ్బదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో నులియ చందయ్య తాళ్లు పేనెడివాడు. నులియ అను మాటయే ఆ పనిని చెప్పును. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరుకొనెడివాడు. అదియే ఆయన పేరైనది. సత్యక్క వాకిళ్లు ఊడ్చెడిది. వారికి పని ముందు, పేరు తరువాత. విద్యార్థి ఈ వరుసను తలక్రిందులు చేసి, పేరు ముందు దొరకనిదే పని తోచదని బాధపడుచున్నాడు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కాయకమను మాటను వెట్టిచాకిరికి ముసుగుగా వాడువారు కలరు. ఇంటింటికి తిరిగి జ్వరములు విచారించిన ఆశా కార్యకర్త ప్రభుత్వపు లెక్కలో ఉద్యోగిని కాదు, స్వచ్ఛంద సేవకురాలు. చప్పట్లు జీతము కావు. మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ తిరిగి ఇచ్చిరమ్మని పంపినది. ఆ ఇంట ఎక్కువ తీసికొనుట తప్పు. ఆ లెక్కనే చేసినవానికి తక్కువ ఇచ్చుటయు తప్పే గదా! రక్షణ కవచము లేక విద్యార్థిని వార్డులోనికి పంపి దానిని దాసోహమనుట శరణుల మార్గము కాదు. కావున పేరు కోరుటయు వట్టి డాంబికము కాదు. తమిళనాడులో ప్రజారోగ్యమునకు ప్రత్యేక ఉద్యోగవర్గము కలదు. పేరున్నచోట బాధ్యతయు, జీతమును ఉండును.

అంతవరకు విద్యార్థి ఏమి చేయవలెను? ఆశా కార్యకర్త వెంట నడువవలెను. ఏ ఇంట గర్భిణి ఉన్నదో, ఏ ఇంట దగ్గు దాచుచున్నారో ఆమెకు తెలిసినంత ఏ పుస్తకమునకును తెలియదు. తలుపు తీసిన ముసలవ్వ, "నువ్వు డాక్టరువా బిడ్డా?" అని అడుగును. "కాదవ్వా, ఇంట్ల ఎందరికి జరమున్నదో అడిగిపోదామని వచ్చిన" అని అతడు చెప్పును. ఆమె వ్రేళ్లు మడిచి లెక్కపెట్ట మొదలిడును.