దయకు పక్షపాతము తగునా?

బలవంతుడు బలహీనుని హింసించుట చూచి మనస్సు నొచ్చుకొనుట మానవ సహజము. అయితే ఆ నొప్పినుండి పుట్టిన ప్రతి తీర్పును ధర్మమగునా అనునది విచారింపవలసిన ప్రశ్న.

ఉత్తర అమెరికా పడమటి తీరమున పెద్ద నీలికొంగలు చెట్లపై గుంపులుగా గూళ్లు కట్టుకొనును. దాదాపు నాలుగడుగుల ఎత్తు, వాడియైన ముక్కు గల పక్షులవి. అయినను తెల్లతల గ్రద్ద గూటిపై వ్రాలి పిల్లను తన్నుకొనిపోవునపుడు తల్లికొంగ చేయగలిగినది స్వల్పము. కెనడాలోని వాంకూవరు నగరపు స్టాన్లీ పార్కులో ఇట్టి దాడులు జరుగుచుండును. చూచువాని చేయి రాతికై వెదకును.

కాని ఆ గ్రద్దకును ఒక దుఃఖగాథ కలదు. డి.డి.టి. అను పురుగుల మందు చేపల ద్వారా దాని శరీరమున చేరగా గ్రుడ్ల పెంకులు పలుచనై, పొదుగుచుండగనే పగిలిపోయెడివి. 1963 నాటికి, అలాస్కా మినహా, అమెరికా సంయుక్త రాష్ట్రములలో గూడు కట్టు జంటలు ఐదువందలైనను లేవు. 1972లో ఆ మందు వాడుక అచట చాలవరకు నిషేధింపబడెను. 2007లో ఈ గ్రద్ద పేరు ఆపదలోనున్న జీవుల పట్టికనుండి తొలగింపబడెను. అనగా నేడు కొంగపిల్లను ఎత్తుకొనిపోవు గ్రద్ద మానవుని దయవలన బ్రతికినదే. ఆ దయ దోషమా?

కాదు. గ్రద్ద ఆకలిచే చంపును. దానికి వేరు మార్గమును ఎంచుకొను వివేకము లేదు. మందు చల్లిన మానవుడు ఆకలి లేకయే, ఏది చచ్చుచున్నదో చూడకయే చంపెను. వివేకమున్నచోటనే పాపపుణ్యముల లెక్క యుండును.

అట్లయిన బలవంతునిదే రాజ్యమని మనుష్యులలోను ఒప్పుకొందమా అని కొందరడుగవచ్చును. అదియు తగదు. ఎంచుకొనగలవాడు ఎంచుకొనలేని పక్షిని సాకుగా చూపరాదు.

మరియొక విశేషము గలదు. కొన్ని కొంగల గుంపులు గ్రద్దగూటి చెంతనే గూళ్లు కట్టును. ఆ గ్రద్ద కొన్ని పిల్లలను తినినను, తన పొలిమేరలోనికి ఇతర గ్రద్దలను రానీయదు. జాలితో దానిని తరిమినవాడు, తెలియకయే, పలు గ్రద్దలకు త్రోవ తెరచినవాడగును.

కావున ఇరుపక్షములకును చేయదగిన మేలొకటి కలదు. ఎత్తైన చెట్లను నరకకుండుట, నీటిని విషము చేయకుండుట, గూళ్లకాలమున వాటి దరి చేరకుండుట. గ్రద్దపై రాయి విసరుటకు లేచిన చేయి, విషము చల్లుటకు వెనుదీయనిచో అది దయ యనిపించుకొనదు.